హార్బర్ దగ్గర బోర్డు లేని మోటార్ షెడ్డు

మా ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళేది తమ్ముడు, లెక్క రాసేది నేను. విశాఖ పెదజాలారిపేటలో మాకొక ఫైబర్ తెప్ప ఉంది. దానికి ఎనిమిది హార్స్‌పవర్ జపాన్ మోటార్, రెండు స్ట్రోకులది, అంటే పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి. నాన్న కొన్నప్పటికే అది సెకండ్ హ్యాండ్. అసలు వయసెంతో ఎవరికీ తెలీదు, మూత మీద అక్షరాలు కూడా చెరిగిపోయాయి.

నా నోటు పుస్తకంలో ఈ జూన్ పేజీ ఇలా ఉంది. 18న కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) సర్వీసు, ప్లగ్గులు, 2,800. 21న మళ్ళీ అదే షాపులో కార్బొరేటర్ కిట్టు, 1,900. 23న తెప్పని లాక్కొచ్చినవాళ్ళకి పెట్రోలు, టిఫిన్లు, 700. 24న హార్బర్ షెడ్డు, 2,450. ఆ తర్వాత మళ్ళీ సెప్టెంబర్ దాకా మోటార్ అనే మాటే లేదు. చివరి లైనులో ఉన్న ఆ షెడ్డు గురించి చెప్పమని మా పేటలో నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా గొడవేమిటో చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. తెప్ప ఇసుక మీద బోర్లా పడి ఉంటుంది. మోటార్ విప్పి ఇంట్లో మూలన పెట్టాం. ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోలు ఏడెనిమిది లీటర్లు మిగిలింది. దాన్ని పారబోయడానికి మనసొప్పలేదు. పెట్రోలు ధర తెలిసినవాళ్ళెవరికీ ఒప్పదు. ట్యాంకు అలాగే పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది.

జూన్ 15న తాడు పదిసార్లు లాగితే గానీ మోటార్ అందుకోలేదు. అందుకున్నాక మెల్లగా నడిపినంతసేపు బాగానే ఉంది. ఫుల్ ఇస్తే పది నిమిషాలకి నీరసించి ఆగిపోయేది. కాసేపు ఆగి, ట్యాంకు నుంచి మోటార్‌కి పెట్రోలు వచ్చే పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు నాలుగుసార్లు నొక్కితే మళ్ళీ లేచేది. మళ్ళీ పది నిమిషాలు. వలలు లాగే టైములో ఇలా చేస్తే మనిషికి పిచ్చెక్కుతుంది.

మొదట ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాం. పేరు రాయను. ఏసీ గది, గోడకి పోస్టర్లు, అన్నీ ఉన్నాయి. మోటార్ దించిన పావుగంటలో కార్బొరేటర్ ఊడదీశారు. లోపల పచ్చటి జిగురు చూపించి "ఇదే మేడం ప్రాబ్లం" అన్నారు. కడిగి బిగించి, షాపులోనే వాళ్ళ సీసాలో పెట్రోలు పెట్టి అర నిమిషం నడిపి చూపించారు. నీళ్ళు లేకుండా, పొడిగానే. అప్పుడు నాకు అది తప్పని తెలీదు, సంతోషపడి డబ్బులిచ్చాను. ఒక రోజు బాగుంది. తర్వాత అదే కథ. రెండోసారి కిట్టు వేశారు. మూడోసారి ఫోన్ చేస్తే కొత్త కార్బొరేటర్ వెయ్యాలి, పదకొండు వేలవుతుందన్నారు. 23న తమ్ముడు ఒడ్డుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయాడు. ఇక ఎంత లాగినా అందుకోలేదు. మా వరస బావ తెప్ప కనబడబట్టి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు.

లాక్కొచ్చిన బావే ఈ షెడ్డు చెప్పాడు. ఫిషింగ్ హార్బర్ వైపు సందులో రేకుల షెడ్డు. పేరు లేదు, బోర్డు లేదు. బయట పైభాగం కోసేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, దాని అంచుకి మోటార్ తగిలించడానికి బిగించిన చెక్క పలక, అదే గుర్తు. ఎవర్ని అడిగినా "డ్రమ్ము షెడ్డా?" అని దారి చూపిస్తారు. మెకానిక్‌కి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు పురికొసతో కట్టుకుంటాడు. వయసుని బట్టి నేను మావయ్యా అన్నాను.

మోటార్ ఆటోలోంచి దించగానే ఆయన మోటార్ వైపు చూడలేదు, ఆటోలోకి చూశాడు.

"ట్యాంకేదమ్మా?"

"ఇంటి దగ్గరుంది మావయ్యా. పాడయింది మోటార్ కదా."

"కడుపు ఇంటికాడ ఒగ్గేసి, కడుపునొప్పని ఆస్పత్రికొచ్చినట్టుంది నీ యవ్వారం. ఎల్లి ట్యాంకూ పైపూ పట్టుకురా."

ఎండలో మళ్ళీ బీచ్ రోడ్డంతా ఆటో. రానూ పోనూ మూడొందలు. అది 2,450లో కలపలేదు, నా తెలివితక్కువకి విడిగా రాసుకున్నాను. ఆటో అతను పెట్రోలు వాసనకి దారంతా సణుగుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆయన ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. తమ్ముడికి ఫోన్ చెయ్యమన్నాడు. స్పీకర్లో పెట్టాను. మొదటి ప్రశ్న, ఆగేముందు ఎలా ఆగింది? స్విచ్ కట్టేసినట్టు టక్కున పోయిందా, దగ్గి దగ్గి పోయిందా? టక్కున పోతే కరెంటు వైపు చూడాలట. పెట్రోలు అందక ఆగేదైతే నీరసిస్తుంది. ఒక్కోసారి చివర్లో కొంచెం గొంతు పెంచి మరీ ఆగుతుంది. తమ్ముడు "గొంతు పెంచి తర్వాత పడుకుంది" అన్నాడు. రెండో ప్రశ్న, అప్పుడు బల్బు ఎలా ఉంది?

"పిండేసిన నిమ్మచెక్కలా ఉంది."

"అయితే సగం పని నువ్వే చేసేసినావురా బాబూ" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

ఈ బల్బు సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో మోటార్ ఉన్నా తెలీదు. బల్బుకి రెండు వైపులా లోపల చిన్న కవాటాలుంటాయి, పెట్రోలు ఒకవైపే పోవడానికి. మీద బాణం గుర్తుంటుంది, అది మోటార్ వైపు చూడాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలబెట్టి పట్టుకోవాలి. నొక్కుతూ పోతే కాసేపటికి గట్టిపడాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా కవాటం పోయింది. మోటార్ నడుస్తుండగా బల్బు చప్పబడిపోతే మాత్రం లోపం బల్బుకి వెనక, ట్యాంకు వైపే. మోటార్ లాగుతోంది, వెనక నుంచి రావడం లేదు. బల్బు నొక్కుతూనే ఉన్నంతసేపు నడిచి, ఆపితే ఆగిపోయే రకం ఇంకొకటుంది. అప్పుడు మోటార్‌కి ఉన్న సొంత పెట్రోలు పంపుని అనుమానించాలి. మాది నిమ్మచెక్క రకం. అంటే ఏసీ గదిలో విప్పి చూపించిన కార్బొరేటర్‌కీ, నడి సముద్రంలో ఆగిపోవడానికీ సంబంధం తక్కువ.

ఇంత తెలిసినా ఆయన అలాగే నమ్మేయలేదు. అదే నాకు నచ్చింది. ప్లగ్గులు రెండూ తీశాడు. తాడు అన్నిసార్లు లాగినా రెండూ పొడిగా ఉన్నాయి. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది గానీ మండట్లేదని అర్థం, పొడిగా ఉంటే అసలు రావట్లేదని. ట్యాంకుని దూరంగా పెట్టించి, ప్లగ్గు మోటార్ ఒంటికి ఆనించి తాడు లాగితే నీలంగా టప్ టప్ మంది. "కరెంటు జోలికెల్లక్కర్లేదు" అన్నాడు. కార్బొరేటర్ అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. అది వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టాడు. అడుగున నీటి బొట్లు, తామరాకు మీద వాటిలా దొర్లుతున్నాయి.

తర్వాత ట్యాంకు. మూత మీది గాలి స్క్రూ చూసి నన్ను చూశాడు. అది మోటార్ నడిచేటప్పుడు తెరవాలి, లేకపోతే ట్యాంకులోకి గాలి పోక పెట్రోలు రాదు. పక్కన పెట్టేటప్పుడు మూసెయ్యాలి. మేము రెండు నెలలూ తెరిచే వదిలేశాం. మే నెల చివర్లో పడ్డ వానలు, మన విశాఖ గాలిలో తేమ, అన్నీ అందులోకే పోయాయి.

ట్యాంకులోది ఒక నీళ్ళ సీసాలోకి వంచి ఎండలో పెట్టాడు. పది నిమిషాల తర్వాత చూస్తే రెండు పొరలు. పైన ఆయిల్ రంగుతో పెట్రోలు, కింద రంగు లేకుండా మసకగా ఇంకేదో. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మోతాదు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి కిందికి దిగిపోతాయి. ఇంతవరకు నేను పేపర్లో చదివిందే. ఆ తర్వాత ఆయన చెప్పింది ఎక్కడా చదవలేదు. మనం కలిపే ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుందట, కింది పొరలోకి రాదు. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేది అడుగున. అంటే మోటార్ మొదట తాగేది ఆయిల్ లేని ఆ మసక నీళ్ళే. రెండు స్ట్రోకుల మోటార్‌కి ఆ పెట్రోల్లో కలిపిన ఆయిలే గతి, వేరే ఆయిల్ ఉండదు. ఎక్కువసేపు అందుకుంటే పిస్టన్ గీసుకుపోయేదన్నాడు. అందుకోకపోవడమే మా అదృష్టమన్నమాట. తమ్ముడేమో దాంట్లోనే కొత్త పెట్రోలు పోసి నడిపేద్దాం అన్నాడు, నాలుగు రోజుల ముందు!

ఇక అసలు పరీక్ష. మోటార్‌ని డ్రమ్ముకి తగిలించి, తన చిన్న ట్యాంకు, తన పైపు పెట్టాడు. మూడో లాగుకి అందుకుంది. వెనక నుంచి నీళ్ళ ధార కొడుతోందా అని వేలు పెట్టి చూశాడు. అప్పుడే నేను ఆ షాపులో పొడిగా నడిపిన సంగతి చెప్పాను. ముఖం చిట్లించాడు. నీళ్ళని లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, నీళ్ళు లేకుండా తిప్పితే అది కాలిపోతుందట. మాది అర నిమిషంతో బతికి బయటపడింది. గేరు వేసి సగం థ్రాటిల్లో ఇరవై నిమిషాలు నడిపాడు. డ్రమ్ములో నీళ్ళు సుడులు తిరిగి సందంతా తడిసింది. మోటార్ ఎక్కడా దగ్గలేదు. అంటే పెట్రోలు పంపు, కార్బొరేటర్ బాగున్నట్టే. తర్వాత ట్యాంకు తనదే ఉంచి పైపు మాత్రం మాది పెట్టాడు. ఏడు నిమిషాలకి బల్బు నా కళ్ళ ముందే నెమ్మదిగా కుంగిపోయింది. మోటార్ గొంతు పెంచింది, పడుకుంది. తమ్ముడు ఫోన్లో చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.

బ్లేడుతో పైపుని నిలువుగా కోసి చూపించాడు. లోపలి పొర పాము కుబుసంలా ఊడి ఉంది. మోటార్ లాగినప్పుడు ఆ పొర లోపలికి ముడుచుకుని దారి మూసేస్తుంది. ఆగాక మళ్ళీ వెనక్కి అతుక్కుంటుంది. పైకి చూస్తే పైపు కొత్తదానిలా ఉంది. తమ్ముడు నోటితో ఊది "బాగానే ఉందక్కా" అని నాతో అన్నాడు కూడా. ఊదితే ఆ పొర తెరుచుకుంటుంది, పీలిస్తేనే మూసుకుంటుంది. ఆ ఏసీ షాపువాళ్ళకి ఇది ఎందుకు దొరకలేదో కూడా ఇక్కడే అర్థమైంది. వాళ్ళు మా పైపునీ ట్యాంకునీ చూడనే లేదు. వాళ్ళ సీసాతో నడిపారు, నడిచింది. కడిగిన కార్బొరేటర్‌లోకి మేమే ఇంటికెళ్ళి ఆ ట్యాంకులోని నీళ్ళు మళ్ళీ పంపించాం.

పెట్రోలు పంపు మూత విప్పి లోపలి పలచటి పొర కూడా చూపించాడు. ఈ పంపుకి మోటార్ నుంచి ఏ చక్రమూ తగలదు. పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంటే దాని వెనక గదిలో పుట్టే ఒత్తిడి మార్పుకే ఈ పొర ఊగి పెట్రోలు లాగుతుంది. మాది చిల్లు పడలేదు గానీ ఎండిన అప్పడంలా బిగుసుకుపోయింది. "మార్చమంటే మారస్తాను, వొద్దంటే మూసేస్తాను. ఈ సీజనుకి ఆగుతాదేమో" అన్నాడు. మార్చమన్నాను. కార్బొరేటర్ మాత్రం ముట్టుకోలేదు. "రెండుసార్లు ఇప్పినారు గదా, దాన్ని ఊపిరి తీసుకోనీ."

లెక్క ఇది. బల్బుతో సహా కొత్త పైపు 1,300, పంపు పొరా గాస్కెట్టూ కలిపి 400, ఫిల్టరు 150, కూలి 600. పైపు కొనేముందు అసలుదానికీ లోకల్‌దానికీ ధర రెండూ చెప్పాడు, ఇథనాల్‌కి ఏది ఆగుతుందో కూడా. క్లిప్పులు స్టెయిన్‌లెస్ వేశాడు, మామూలు ఇనుపవి మా ఒడ్డు గాలికి ఒక సీజన్ కూడా నిలవవు. తీసేసిన పాతవన్నీ కవర్లో వేసి చేతికిచ్చాడు. ఆ కోసిన పైపు ముక్క ఇప్పుడు మా కిటికీలో ఉంది. ఎవరొచ్చినా తమ్ముడు చూపిస్తాడు, తనే కనిపెట్టినట్టు.

ఇక నచ్చనివి. మధ్యాహ్నం రెండింటికి ఇస్తానన్నాడు, ఇచ్చింది సాయంత్రం ఆరున్నరకి. బిల్లు లేదు. ప్లగ్గు డబ్బా అట్ట మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు. లెక్క రాసేదాన్ని, నాకు అది ఒళ్ళు మండించింది. ఫోటో తీసుకున్నాను. ఫోన్ ఎత్తడు, నేరుగా వెళ్ళాల్సిందే. ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేదు, బాత్రూమ్ సంగతి అడగొద్దు. నాకు ఆయిల్ డబ్బా బోర్లించి గోనె వేశాడు, అది ఆయన మర్యాద. కాస్త తిడతాడు కూడా. నా తర్వాత ఒకాయన నాలుగు స్ట్రోకుల కొత్త మోటార్ తెస్తే "కంప్యూటర్ ఉన్నయి నా దగ్గరకి తేవొద్దు" అని పంపించేశాడు. కాబట్టి కొత్త మోటార్లున్నవాళ్ళు అక్కడికి వెళ్ళి తిట్లు తినకండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి నాలుగున్నర గంటల లేటుకి.

బీడీ విషయంలో మాత్రం ఆయన్ని తప్పు పట్టను. షెడ్డు దరిదాపుల్లో ఎవరు అగ్గిపెట్టె తీసినా కేకలే. 2023 నవంబర్‌లో ఈ హార్బర్‌లో రాత్రికి రాత్రి బోట్లు పదుల కొద్దీ తగలబడిపోయాయి కదా. ఆ మంటలు చూసినవాడినని ఒక్క మాట అన్నాడు, అంతే.

వచ్చే నిషేధానికి ఏం చెయ్యాలో తమ్ముడితో వల్లె వేయించాడు. చివరి వేట నుంచి వచ్చాక పైపు ఊడదీసి, డ్రమ్ములో నీళ్ళలో ఉంచి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి మోటార్ దానంతటదే ఆగేదాకా నడపాలి. అలా మంచినీళ్ళలో నడిపితే లోపలి ఉప్పు కూడా పోతుంది. మిగిలిన పెట్రోలు ట్యాంకులో ఉంచకూడదు. గాలి స్క్రూ మూసి ట్యాంకు ఇంట్లో పెట్టాలి. ఆయిల్ మా మోటార్‌కి లీటరుకి 20 మిల్లీ. అదీ నీళ్ళతో చల్లబడే మోటార్లకి వచ్చే టిసి-డబ్ల్యు3 రకమే. స్కూటర్ ఆయిల్ చవకని పొయ్యొద్దన్నాడు. ఇన్నాళ్ళూ మేము పోసింది ఆ స్కూటర్ ఆయిలే. ఆయనకి చెప్పలేదు.

జూన్ 25 నుంచి మోటార్ రెండో లాగుకో మూడో లాగుకో అందుకుంటోంది. ఆగస్టులో కవళ్ళు బాగా పడ్డాయి, ఒక రోజు నాలుగు వంజరాలు కూడా. ఈ వారం మాత్రం స్టార్టింగ్ తాడు లోపలికి చుట్టుకోవడానికి బద్ధకిస్తోంది, స్ప్రింగు అయి ఉండొచ్చు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. స్ప్రింగుకి ట్యాంకెందుకక్కా అని తమ్ముడు నవ్వుతున్నాడు గానీ, ట్యాంకూ పైపూ ఆటోలో ముందు పెట్టమన్నాను.